ఒక పావలా తక్కువ

నాణేలు పోగుచేసేవాళ్ళని అడగకూడని ప్రశ్న ఒకటుంది. "ఇంతకీ అన్నీ వచ్చేశాయా?" అని. పెళ్ళికాని కుర్రాణ్ణి "పప్పన్నం ఎప్పుడు?" అని అడిగినట్టే. అడిగినవాళ్ళకి అదో కుశలప్రశ్న, అంతే. చెప్పాల్సినవాడు మాత్రం ఓ అరగంట గొణుగుతాడు, లేకపోతే మాట మార్చేస్తాడు.

మా నాన్న మాట మార్చేరకం కాదు. "ఒకటి తక్కువ" అనేవారు. పదేళ్ళపాటు ఎవరడిగినా ఇదే జవాబు. ఆ ఒకటీ ఎందుకు తక్కువయ్యిందో, తక్కువతోనే ఆయన పద్దు ఎలా ముగించారో చెబుదామని ఇదంతా.

ఆయన పోగుచేసింది పావలాలు. అన్ని పావలాలూ కాదండోయ్. 1988లో స్టీలు పావలా వచ్చింది గుర్తుందా, ఒకవైపు ఖడ్గమృగం బొమ్మతో? అది మాత్రమే. మాకు రేపల్లెలో కిరాణా కొట్టు ఉండేది. ఆ బిళ్ళ కొత్తగా చేతుల్లోకి వచ్చినప్పుడు కొంతమంది "ఇదేంటి, స్టీలు గిన్నె కోసినట్టుంది, చెల్లుతుందా?" అని తిప్పి ఇచ్చేసేవాళ్ళు. అలా తిరిగొచ్చిన ఒకదాన్ని నేను ఖడ్గమృగం కోసం కావాలని పేచీ పెడితే, నాన్న గల్లాపెట్టెలో వెయ్యకుండా పక్కన పెట్టారు. నాకు అప్పుడు పదేళ్ళు. నా మోజు వారం రోజుల్లో తీరిపోయింది. ఆయనది ఇరవైమూడేళ్ళు నడిచింది.

ఆయన పెట్టుకున్న నియమాలు రెండే. ఒకటి, సంవత్సరానికి ఒక బిళ్ళ, ఉన్నవాటిలో బాగున్నది. రెండు, అది గల్లాలోకి తనంతట తాను రావాలి. అంటే ఎవరో ఉప్పుకో, సబ్బుకో, అగ్గిపెట్టెకో ఇచ్చినదై ఉండాలి. అడిగి తెచ్చుకోకూడదు, కొనకూడదు. ఒక పాత పద్దు పుస్తకంలో పేజీ తీసుకుని ఏడాదికొక గడి గీసుకున్నారు. బిళ్ళని సిగరెట్ పెట్టెలోని రేకు కాగితంలో చుట్టి, పైన సంవత్సరం రాసిన చీటీ అంటించి, ఒక కాఫీపొడి సీసాలో వేసేవారు. గడిలో మాత్రం అది వచ్చిన తేదీ రాసేవారు. చిత్రమేంటంటే 1991 గడిలో తేదీ 1996ది. ఐదేళ్ళు రాలేదన్నమాట ఆ ఏడాది బిళ్ళ, లేదా వచ్చినవేవీ ఆయనకి నచ్చలేదు.

ఆయన పేజీలో 1988 నుంచి 2010 దాకా గడులున్నాయి. నేను 2009లో అమెరికా నుంచి వచ్చేసినప్పుడు చూస్తే 2001 దాకా నిండి ఉంది, ఆ తర్వాతవన్నీ ఖాళీ. "ఏంటి నాన్నా, ఎనిమిదేళ్ళ నించీ ఒక్కటీ రాలేదా?" అన్నాను. "ఎక్కడొస్తాయిరా, పావలా ఎవడిస్తున్నాడు? వస్తే వేస్తాను" అన్నారు. నిజమే. అప్పటికే మా ఊళ్ళో పావలా తీసుకునే కొట్టు మాదొక్కటే అని చెప్పుకునేవాళ్ళు. మిగతావాళ్ళు చిల్లరకి బదులు చాక్లెట్ బిళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు.

సరే, నేను తెచ్చుకున్న సామానులో ఒక నాణేల కేటలాగు ఉంది. క్రాజ్ అనే కంపెనీ వేసేది, టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు. ప్రపంచంలోని నాణేలన్నీ దేశం వారీగా, సంవత్సరం వారీగా. మన ఖడ్గమృగం పావలా తీసి చూపించాను. 1988లో మొదలు, 2002తో ఆఖరు. ఆ తర్వాత అసలు కొట్టలేదు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ వరస రెండుసార్లు చదివారు. తర్వాత పద్దు పుస్తకం తీసి, 2003 నుంచి 2010 దాకా ఉన్న ఎనిమిది గడులనీ స్కేలు పెట్టి అడ్డంగా కొట్టేశారు. "ఎనిమిది బిళ్ళలు ఒక్క పూటలో వచ్చేశాయి" అన్నారు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం ఆ కొట్లో నేను ఎప్పుడో గానీ చూడలేదు.

నాకు ఇప్పటికీ ఈ విషయంలో ఇదే ముఖ్యమైన సంగతి అనిపిస్తుంది. ప్రభుత్వం కొత్త నాణెం విడుదల చేసినప్పుడు పేపర్లో వేస్తారు. కొట్టడం మానేసినప్పుడు ఎవరూ డప్పు కొట్టి చెప్పరు. కొట్టు గల్లా ముందు కూర్చున్న మనిషికి "ఇంకా రాలేదు", "ఇక ఉండదు" రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండూ ఖాళీ గడులే. డేటాబేసులతో పనిచేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక కాలమ్‌లో నల్ ఉందంటే ఆ విలువ మనకి తెలీదనా, అసలు ఆ ప్రశ్నే అక్కడ వర్తించదనా? ఈ రెండిటినీ ఒకే ఖాళీతో చూపించిన పుణ్యాత్ముడి వల్ల నేను ఎన్ని రాత్రులు ఆఫీసులో గడిపానో లెక్కలేదు. నాన్నకి కనీసం పద్దు పుస్తకం ఒక్కటే, నాకు నలభై టేబుళ్ళు.

అలా ఎనిమిది పోయి, ఒకే ఒక్కటి మిగిలింది. 2002.

"ఒకటి తక్కువ" అని ఎలా అనగలిగారంటే, ఆయన లెక్క సంవత్సరం మీద కాబట్టి. అదే కుప్పని ఇంకో లెక్కన చూస్తే మరోలా ఉంటుంది. రకానికొకటి చాలు అనుకునేవాళ్ళకి ఒక్క ఖడ్గమృగం పావలా దొరికితే అయిపోయినట్టే, పదిహేనో పద్నాలుగో అన్న గొడవే లేదు. టంకశాల గుర్తుల వారీగా పోగుచేసేవాళ్ళకి అసలు కథ అప్పుడే మొదలవుతుంది. సంవత్సరం అంకెల కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నాలుగు టంకశాలలు, పదిహేనేళ్ళు, వెరసి అరవై గడులు. అన్ని చోట్లా అన్ని ఏళ్ళూ కొట్టరు కాబట్టి అందులో కొన్ని ఎప్పటికీ నిండవు. పైగా 1988లో మన టంకశాలలు చాలక కెనడాలోని ఒట్టావాలో కూడా పావలాలు కొట్టించారు. వాటి మీద సంవత్సరం కింద ఇంగ్లీషు సి అక్షరం ఉంటుంది. అరవై ఒకటి.

ఈ గుర్తుల సంగతి నేను ఉత్సాహంగా నాన్నకి చెప్పాను. మన సైఫాబాద్ టంకశాలలో కొట్టినవని, 1997లో చర్లపల్లికి మార్చారని, నక్షత్రం మనదని. భూతద్దం తెచ్చి సీసాలోవన్నీ పరిచి చూశారు. సగానికి పైగా నక్షత్రాలే. కాసేపు ముచ్చటపడ్డారు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం నా నోరు మూయించింది.

"ఏ గుర్తూ లేకపోతే కలకత్తా అన్నావు. మరి నోయిడా బిళ్ళ మీద చుక్క అరిగిపోతే అది కలకత్తాది అయిపోతుందా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న డేటా ఆర్కిటెక్టులు కూడా ఇంత సూటిగా అడగ్గా నేను వినలేదు. లేకపోవడాన్ని ఒక విలువగా వాడుకున్నప్పుడు అరుగుదల కూడా సమాచారంలా కనిపిస్తుంది. "ఎక్కడ కొట్టారో నాకెందుకురా, సంవత్సరం చాలు" అని భూతద్దం లోపల పెట్టేశారు.

సంవత్సరం మాత్రం అంత నికార్సయిన లెక్కా అంటే, అదీ కాదు. 1969లో గాంధీ శతజయంతికి ఇరవై పైసలు, యాభై పైసలు, రూపాయి, పది రూపాయల నాణేలు వేశారు. వాటి మీద ఉన్నది 1869-1948, ఆయన పుట్టిన, పోయిన సంవత్సరాలు. నాణెం వేసిన సంవత్సరం ఎక్కడా లేదు. 1964 నెహ్రూ నాణేలదీ అదే పద్ధతి, 1889-1964 అని ఉంటుంది. అవి 1964లోనే వచ్చాయి కాబట్టి లెక్క కుదిరిపోయింది గానీ, గాంధీగారిది ఏ గడిలో వేస్తారు? ఆ ఇరవై పైసలు పట్టుకొచ్చి "ఇది 1869 నాటిది, ఎంతిస్తారు?" అని అడిగినవాళ్ళని నేను చూశాను. 1869లో బాపూ ఊయల్లో ఉన్నారు.

అన్నట్టు, ఇరవై పైసలంటే గుర్తొచ్చింది. 1968 నుంచి కొన్నేళ్ళపాటు పద్మం బొమ్మతో పచ్చగా మెరిసే ఇరవై పైసల బిళ్ళలు వచ్చేవి. లక్ష్మీపూజకి వాటిని నూట ఎనిమిది చేర్చి పెట్టుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. మా మేనత్త దగ్గర ఒక పసుపు గుడ్డ మూటలో ఉండేవి. ఆవిడకి సంవత్సరంతో పనిలేదు, టంకశాలతో అంతకన్నా లేదు. నూట ఎనిమిది అయితే పూర్తి. నూట ఏడు అయితే పూజకి పనికిరాదు. నూట తొమ్మిదోది దొరికితే పక్కింటావిడకి ఇచ్చేస్తుంది. నాణేలు పోగుచేసేవాళ్ళందరిలో నేను చూసిన సుఖమైన మనిషి మా మేనత్తే. "పూర్తయిందా?" అనడిగితే లెక్కపెట్టి చెప్పేస్తుంది, తడుముకోదు.

నా సొంత సేకరణ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాన్నకీ నాకూ దాని దగ్గరే మాట పడింది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి క్వార్టర్ల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో బట్టలుతికే మెషీన్ అవి తప్ప తినదు. ఎవరి దగ్గర క్వార్టర్ల డబ్బా ఉంటే వాడే ఆ ఇంట్లో జమీందారు. క్వార్టర్ అంటే అక్షరాలా పావలాయే కదా. నేను అక్కడున్న రోజుల్లో యాభై రాష్ట్రాల క్వార్టర్లు వస్తుండేవి. 1999లో డెలావేర్‌తో మొదలుపెట్టి, రాష్ట్రాలు యూనియన్‌లో చేరిన వరసలో ఏడాదికి ఐదు చొప్పున, 2008లో హవాయితో ముగించారు. వాటికోసం పుస్తకాల షాపుల్లో అట్ట మ్యాపులు అమ్మేవాళ్ళు. ఒక్కో రాష్ట్రం మీద ఒక్కో గుండ్రటి బొక్క. నాణెం పెట్టి బొటనవేలితో నొక్కితే టక్కున కూర్చుంటుంది. ఆ టక్కు కోసం నేను రెండు వారాలు ఉతకని బట్టలతో ఆఫీసుకెళ్ళిన సందర్భాలున్నాయి.

హవాయి దొరికిన రోజున యాభయ్యీ నిండాయి. పూర్తి. మర్నాడు ఆఫీసులో చూపిస్తే ఒకాయన అడిగాడు, "ఇవి పీనా, డీనా?" అని. ఫిలడెల్ఫియాలో కొట్టినవాటి మీద పి, డెన్వర్‌లో కొట్టినవాటి మీద డి ఉంటుంది. కాబట్టి యాభై కాదు, వంద. ఇంకో ఆయన వచ్చి, 2004 విస్కాన్సిన్ డెన్వర్ క్వార్టర్లలో కొన్నిటి మీద మొక్కజొన్న పొత్తుకి ఒక ఆకు ఎక్కువ ఉంటుందని, అది లేకపోతే ఏం లాభమని పెదవి విరిచాడు. 2009లో వాషింగ్టన్ డీసీకీ, ప్యూర్టోరికో, గువామ్ లాంటి ఐదు ప్రాంతాలకీ కలిపి ఇంకో ఆరు వేశారు. యాభై ఆరు గుంటలున్న కొత్త మ్యాపు అమ్మకానికి వచ్చేసింది. 2010 నుంచి 2021 దాకా నేషనల్ పార్కులు వగైరా మరో యాభై ఆరు. 2022 నుంచి 2025 దాకా అమెరికన్ మహిళలు ఇరవై మంది. వెర్షన్ నంబర్లు పెంచుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏదైనా వీళ్ళ దగ్గర పాఠాలు నేర్చుకోవచ్చు.

దీని వెనక లెక్క కూడా ఉంది. ఆ క్వార్టర్ తయారు చెయ్యడానికి అయ్యే ఖర్చు దాని ముఖవిలువకన్నా బాగా తక్కువ. ప్రజలు దాన్ని ఖర్చుపెట్టకుండా అట్టలో నొక్కి గోడకి తగిలించుకున్నారంటే ఆ తేడా అంతా ప్రభుత్వానికి మిగులు. సెన్యరేజ్ అంటారు దీన్ని. వాళ్ళు దాచిపెట్టుకున్న సంగతి కూడా కాదు, ఈ పథకం పెట్టేటప్పుడే ఎంత మిగులుతుందో అంచనాలు వేసుకున్నారు.

2009లో ఆ మ్యాపు నాన్నకి చూపించాను. ఒక్కో రాష్ట్రం వేలితో తడుముతూ ఓపిగ్గా చూశారు. బాగుందన్నారు. కాసేపాగి, "ఇది నువ్వు పోగుచేసిందా, వాళ్ళు నీచేత చేయించిందా?" అన్నారు.

వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆయన దృష్టిలో తేడా ఎక్కడంటే, ఆ అట్టలో గుంటలు ఎన్ని ఉండాలో నిర్ణయించింది నాణేలు అమ్మేవాడు. ఎన్ని ఉండాలో వాడి చేతిలో ఉన్నంతకాలం "అయిపోయింది" అనే మాట కూడా వాడి చేతిలోనే ఉంటుంది. నేను అప్పుడు గట్టిగానే వాదించాను. ఎవరో గీసిచ్చిన గడుల్లోనైనా నింపినవాణ్ణి నేనే కదా, ఆ నాణేల్లో ఒక్కటి కూడా కొన్నది కాదు కదా అని. ఇప్పటికీ ఆ వాదన తప్పని నేననుకోను. క్లయింట్ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి కట్టిన ప్రోగ్రామ్ కూడా మన ప్రోగ్రామే. కాకపోతే దాని మీద నేను తీసుకున్న నిర్ణయం ఒకటుంది. నా మ్యాపు యాభై దగ్గర ఆగింది. నేను కొన్నప్పుడు అట్ట మీద ఉన్నవి యాభై గుంటలు, నేను ఒప్పుకున్నది యాభైకి. వాషింగ్టన్ డీసీ వాళ్ళు అలిగితే అలగనీ.

ఇక 2002 పావలా సంగతి.

2010 డిసెంబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఇరవై ఐదు పైసలు, అంతకన్నా తక్కువ విలువున్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. బ్యాంకుల్లో జూన్ 29 దాకా మార్చుకోవచ్చు. మనలో చాలామందికి అది పేపర్లో ఒక చిన్న వార్త. పావలా పోయినా పావలా వడ్డీ అన్న మాట మాత్రం మిగిలిపోయిందని జోకులేసుకున్నాం. మా కొట్లో మాత్రం అది ప్రాజెక్టు డెడ్‌లైన్.

గల్లాలోకి తనంతట తాను రావాలన్న నియమం అలాగే ఉంది. ఆయన దాన్ని సడలించలేదు, దారి వెడల్పు చేశారంతే. కొట్టు ముందు అట్టముక్క మీద "పావలాలు తీసుకోబడును" అని రాసి వేలాడదీశారు. ఊళ్ళో డిబ్బీలన్నీ పగిలాయి. వేసవి సెలవుల్లో పిల్లలు జేబుల నిండా పావలాలు తెచ్చి పప్పుండలు, జంతికలు కొనుక్కెళ్ళారు. ముసలమ్మలు కొంగుముళ్ళు విప్పారు. ఒకాయన గోధుమపిండి డబ్బా నిండా తెచ్చి నెల సరుకులు పట్టుకెళ్ళాడు. అవన్నీ న్యాయంగా బేరానికి వచ్చిన బిళ్ళలే, నియమం ఎక్కడా తప్పలేదు. రోజూ రాత్రి కొట్టు కట్టేశాక నాన్న గచ్చు మీద గోనెపట్టా పరిచి, ట్యూబులైటు కింద కూర్చుని ఒక్కొక్కటే సంవత్సరం చూసేవారు. పది పైసలు, ఐదు పైసలు, ఇరవై పైసలు ఒక పక్కకి. పాత రకం పావలాలు ఇంకో పక్కకి. ఖడ్గమృగాలు మధ్యలో.

నేను అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాణ్ణి. "1990ల మధ్యవి గుట్టలుగా ఉన్నాయిరా. రెండు వేలు దాటితే వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. 2002 మాత్రం లేదు" అనేవారు. జూన్ మూడో వారంలో సెలవు పెట్టి వెళ్ళాను. ఇద్దరం రెండు రాత్రులు కూర్చుని చూశాం. నా కళ్ళకి ప్రతి 2000 కూడా 2002 లాగే కనిపించేది.

రాలేదు.

బ్యాంకుకి తీసుకెళ్ళాలంటే లెక్కపెట్టాలి కదా. ఒక్క బిళ్ళ బరువు 2.83 గ్రాములని కేటలాగులో ఉంది. నూరు బిళ్ళలు కాటాలో వేస్తే 283 గ్రాములు. అలా తూచి, నూరేసి సంచుల్లో కట్టాం. స్టీలు పావలాలే నాలుగు వేల పైచిలుకు. వెయ్యి రూపాయలు, పదకొండు కిలోలకి పైన. ఆఖరి రోజుల్లో రెండు ట్రిప్పులు రిక్షాలో వేసుకెళ్ళి మార్చుకొచ్చాం. బ్యాంకులో గుమస్తా ఒక సంచి లెక్కపెట్టి, సరిపోయేసరికి మిగతావి చూడకుండానే తీసుకున్నాడు.

29వ తేదీ రాత్రి నాన్న పద్దు పుస్తకం తీశారు. 2002 గడిలో "రాలేదు" అని రాసి, తేదీ వేశారు. పేజీ కింద రెండు గీతలు గీసి, ఏటేటా ఉగాదికో మార్చి నెలాఖరుకో పద్దు కట్టేటప్పుడు రాసినట్టే రాశారు: "ముగింపు నిల్వ 14." పక్కన, కాస్త చిన్న అక్షరాల్లో, "రాని బాకీ 1."

వ్యాపారం చేసేవాళ్ళకి రాని బాకీ కొత్త విషయం కాదు. కొన్ని ఖాతాలు ఇచ్చి తీరతాయి, కొన్ని ఇవ్వకుండానే పోతాయి. ఇవ్వనివాటిని తెరిచే ఉంచుకుంటే కొత్త పుస్తకం పెట్టలేరు. అందుకని రాని బాకీ కింద రాసి మూసేస్తారు. మూసెయ్యడమంటే ఆ బాకీ లేదని కాదు, ఇక అడగబోమని. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్‌లో దీనికి దగ్గరగా వచ్చేది "నోన్ ఇష్యూ" అని రాసి రిలీజ్ చెయ్యడం. అక్కడ కూడా ఆ లోపం ఉందని ఒప్పుకుంటాం, నంబరిస్తాం, తలుపు వేసేస్తాం. ఆ రాసిన కాయితం లేకుండా విడుదల చేస్తే అది సగంలో వదిలేసిన పని. అదే లోపం రాసిపెట్టి చేస్తే అయిపోయిన పని. వస్తువులో పిసరంత తేడా లేదు, తేడా అంతా ఆ కాయితంలోనే ఉంది.

రెండేళ్ళ తర్వాత కోఠీలో ఒక నాణేల వ్యాపారి దగ్గర 2002 పావలా కనబడింది. దాని ఖరీదు, నేను అక్కడిదాకా వెళ్ళడానికైన పెట్రోలుకన్నా తక్కువ. ఫోన్ చేసి "తీసుకురానా?" అనడిగాను. "కొంటే దొరుకుతుందని నాకు తెలుసురా. కొన్నది ఇందులో కూర్చోదు" అన్నారు. బాధగా అన్నారా అంటే, లేదు. పక్కనే ఎవరో శనగపప్పు అడుగుతుంటే అటు తిరిగి ధర చెబుతున్నారు.

2019లో నాన్న పోయారు. కొట్టు అంతకు మూడేళ్ళ ముందే తీసేశాం. సీసా, పద్దు పుస్తకం నా దగ్గరికి వచ్చాయి.

మొన్న సంక్రాంతికి తమ్ముడు ఒక చిన్న ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆన్‌లైన్‌లో కొన్నాడట, 2002 పావలా. "అన్నయ్యా, ఇక పెట్టేద్దాం" అన్నాడు.

వాడి వాదన తీసిపారేసేదేమీ కాదు. "నియమం నాన్నది. ఆయన ఉన్నంతకాలం ఆయన ఇష్టం. ఇప్పుడిది మన దగ్గరున్న వస్తువు. పిల్లలకి చూపిస్తే వాళ్ళు పద్నాలుగు బిళ్ళలు చూడరు, ఆ ఖాళీనే చూస్తారు. రేపు నా కొడుకు ఎలాగూ కొని పెడతాడు, అదేదో మనమే పెడితే పోలా?" అన్నాడు. వాడు ఆ బిళ్ళ కోసం నెలరోజులు వెతికాడు. ఏదో పావలా కొన్నట్టు కాదు, నాన్నకి చివరి పని చేసి పెడుతున్నట్టు ఉంది వాడి ముఖం. కాదనడం నాకు తేలిక కాలేదు.

కాదనే అన్నాను. పద్దు పుస్తకం తెరిచి ఆ పేజీ వాడి ముందు పెట్టాను. వాడు అప్పటిదాకా సీసానే చూశాడు గానీ పేజీ చూడలేదు. "ఈ గడి ఖాళీగా లేదు. నాన్న చేత్తో రాసిన మాట ఉంది ఇందులో. బిళ్ళ పెట్టాలంటే ఇది కొట్టెయ్యాలి. ముగింపు నిల్వ పద్నాలుగుని పదిహేను చెయ్యాలి. ఆయన మూసిన ఖాతా మనం తెరవాలి. తెరుస్తావా?" అన్నాను.

చాలాసేపు చూశాడు. "ఆయన దస్తూరీ ఇంత బాగుండేదా?" అన్నాడు చివరికి.

ఆ బిళ్ళ వెనక్కి పంపలేదు. కవరు మీద వాడి పేరు, కొన్న తేదీ, ఇచ్చిన ధర రాసి, వాడి దగ్గరే ఉంచుకున్నాడు. పేజీ అలాగే ఉంది. సీసాలో పద్నాలుగే.

అయితే వాడికి పురుగు కుట్టింది. అదే పుస్తకంలో ఇంకో పేజీ తీసుకుని గడులు గీశాడు. ఇరవై రూపాయల బిళ్ళ, 2019లో ప్రకటించారే, పన్నెండు పలకలది, అదీ వాడి సరుకు. నాన్న నియమాలే వాడికీ, ఏడాదికొకటి, తనంతట తాను చేతికి రావాలి. ఎప్పటిదాకా అనడిగితే, "నాన్నకి తెలీలేదు, నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. గడులు మాత్రం కేటలాగు చూసుకుని గీస్తానన్నాడు, ముందే గీసి పెట్టుకోడట.

చిక్కల్లా ఒకటే. వాడికి కొట్టు లేదు, గల్లా లేదు. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్ చూపించి కట్టేస్తున్నాడు. చిల్లర ఎక్కణ్ణించి వస్తుంది? ఈమధ్య వాడు జేబులో వంద నోట్లు పెట్టుకుని తిరుగుతున్నాడట. టీ తాగి వంద ఇస్తే, టీ కొట్టతను క్యూఆర్ కోడ్ చూపిస్తాడు. వీడు లేదు లేదు, చిల్లరే కావాలంటాడు. అతను డ్రాయరంతా వెతికి నోట్లూ నాణేలూ కలిపి ఇస్తూ విసుక్కుంటాడు. పోయిన నెల మొత్తం మీద మూడు వచ్చాయని ఫోన్ చేసి చెప్పాడు. మూడింటి మీదా ఒకటే సంవత్సరం.